అమెరికాలో మతం, గవర్నమెంటు, మధ్యలో మనం: పదేపదే వచ్చే డౌట్లు

ప్రతి ఆగస్టులో స్కూళ్ళు తెరవగానే ఒకసారి, డిసెంబర్లో క్రిస్మస్ ప్రోగ్రాములు మొదలవగానే ఇంకోసారి మా గుడి వాట్సాప్ గ్రూపులో ఇవే ప్రశ్నలు వస్తాయి, ఎవరో ఒకరు తప్పు చెప్తారు, ఇంకొకరు గొడవకి దిగుతారు, పాపం అడిగిన కొత్తమ్మాయికి మాత్రం ఆన్సర్ దొరకదు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నా. నేను లాయర్ని కాదు, ఆరేళ్ళుగా గుడిలో కుర్చీలు మోస్తున్న వాలంటీర్ని, ఇద్దరు పిల్లల్ని పబ్లిక్ స్కూల్లో చదివిస్తున్నవాణ్ణి. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. విషయం కోర్టు దాకా వెళ్ళేలా ఉంటే మాత్రం లాయర్ దగ్గరికే వెళ్ళండి, గ్రూపులో అడక్కండి.

## వచ్చిన కొత్తలో

ఇది క్రిస్టియన్ దేశమే కదా, డాలర్ నోటు మీదే గాడ్ అని ఉంది, మరి గవర్నమెంటుకి మతం లేదంటారేంటి?

జనంలో క్రిస్టియన్లు ఎక్కువ, అది నిజమే. రాజ్యాంగంలో మాత్రం దేశానికి మతం లేదు. 1791లో వచ్చిన ఫస్ట్ అమెండ్‌మెంట్‌లో రెండు ముక్కలున్నాయి: గవర్నమెంటు ఏ మతాన్నీ తన మతంగా పెట్టుకోకూడదు, ఎవరి మతాన్నీ అడ్డుకోకూడదు. మొదట్లో ఇది ఫెడరల్, అంటే కేంద్ర గవర్నమెంటుకే ఉండేది, రాష్ట్రాలకీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1940లో, 1947లో ఇచ్చిన తీర్పుల్లో తేల్చింది. ఇక నోటు సంగతి, "ఇన్ గాడ్ వి ట్రస్ట్" అన్నది జాతీయ నినాదం అయింది 1956లో. అవి కోల్డ్ వార్ రోజులు, రష్యావాళ్ళకి దేవుడు లేడు మాకున్నాడు అని చూపించుకోవాల్సిన అవసరం ఉండేది. ఇలాంటివాటిని కోర్టులు లాంఛనం కింద వదిలేస్తూ వచ్చాయి.

చర్చికీ స్టేట్‌కీ మధ్య గోడ ఉంది అంటారు, ఆ మాట రాజ్యాంగంలో ఎక్కడుంది?

ఎక్కడా లేదు. 1802 జనవరి 1న థామస్ జెఫర్సన్ కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులకి రాసిన ఉత్తరంలోది ఆ మాట. ఇద్దరూ క్రిస్టియన్లే, శాఖలు వేరు. అప్పట్లో కనెక్టికట్‌లో కాంగ్రిగేషనలిస్టుల చర్చిదే రాజ్యం, బాప్టిస్టులు అక్కడ మైనారిటీ, మా సంగతేంటి అని ప్రెసిడెంటుకి మొర పెట్టుకుంటే ఆయన ఇచ్చిన జవాబు అది. అంటే గోడ కావాలన్నవాళ్ళు దేవుడంటే పడనివాళ్ళు కాదు, పక్క చర్చివాళ్ళ పెత్తనం భరించలేక విసిగిపోయిన పక్కా భక్తులు. ఇది మనవాళ్ళకి చెప్తే ఆశ్చర్యపోతారు.

ఇంకో ముచ్చట. వర్జీనియాలో 1786లో పాసైన మత స్వేచ్ఛ చట్టం రాసింది కూడా జెఫర్సనే. అందులో యేసుక్రీస్తు పేరు పెడదామని కొందరంటే మెజారిటీ ఒప్పుకోలేదు. ఈ సంగతి ఆయన తర్వాత తన ఆత్మకథలో రాస్తూ యూదుడు, క్రిస్టియన్, ముస్లిం, హిందూ, ఏ దేవుణ్ణీ నమ్మనివాడు అందరికీ ఈ చట్టం నీడ ఉండాలనే అలా చేశారన్నాడు. అప్పటికి వర్జీనియాలో హిందువులు ఎంతమంది ఉండుంటారో మీరే ఊహించుకోండి!

మన ఇండియా సెక్యులరిజం, ఇక్కడిదీ ఒకటేనా?

కాదు, మనవాళ్ళు ఎక్కువ తికమకపడేది ఇక్కడే. మన దగ్గర గవర్నమెంటు మతానికి దూరంగా ఉండదు, అన్ని మతాల ఇళ్ళకీ వచ్చిపోతుంటుంది. ఊళ్ళో గుడికి ఎండోమెంట్స్ డిపార్ట్‌మెంటు, దానికో ఈవో, హుండీ లెక్కలు ఆయన చేతుల్లో. టీటీడీ బోర్డుని వేసేది రాష్ట్ర ప్రభుత్వం. బ్రహ్మోత్సవాలకి ముఖ్యమంత్రి తలమీద పట్టువస్త్రాలు పెట్టుకుని వెళ్ళడం మనకి మామూలు విషయం. ఇక్కడ ఒక గవర్నర్ రాష్ట్రం తరఫున చర్చికి అలా బట్టలు పెడితే మర్నాడే కేసు పడుతుంది.

ఇక్కడ గుడి ఎవరు నడపాలి, పూజారి ఎవరు ఉండాలి అన్నది గవర్నమెంటు పని కాదు. పూజారిని, పాస్టర్ని పెట్టుకోవడం తీసేయడంలో ఉద్యోగ వివక్ష చట్టాలు కూడా వేలు పెట్టలేవని 2012లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. వినడానికి బాగుంటుంది, మనవాళ్ళు చప్పట్లు కొడతారు. కానీ రెండో వైపు కూడా చూడాలి. ఆంధ్రాలో గుళ్ళల్లో అర్చకుల వంశపారంపర్య మిరాశీ హక్కులు రద్దు చేసింది 1987 ఎండోమెంట్స్ చట్టం, 1996లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. దళితులకి గుళ్ళ తలుపులు తెరిపించడానికి కూడా మన రాజ్యాంగం గవర్నమెంటుకి పవర్ ఇచ్చింది. ఇక్కడ గుడి లోపల ఎవరినైనా చిన్నచూపు చూస్తే, గర్భగుడి దగ్గరికి ఎవరు వెళ్ళాలి, వంటగదిలోకి ఎవరు రావాలి అని గుసగుసలు నడిస్తే, సరిచెయ్యడానికి ఈవో రాడు, కలెక్టర్ రాడు, కమిటీలో ఉన్న మనమే చెయ్యాలి. మనం చేస్తున్నామా అంటే, నా అనుభవంలో చాలాసార్లు టాపిక్ మార్చేస్తాం.

## పిల్లలు స్కూల్లో చేరాక

మా పాప కిండర్‌గార్టెన్‌లో రోజూ పొద్దున్నే గుండెమీద చెయ్యి పెట్టుకుని ప్లెడ్జ్, అదే జెండా ప్రతిజ్ఞ, చెప్తోంది, అందులో "అండర్ గాడ్" ఉంది, చెప్పకపోతే ఏమన్నా అంటారా?

చెప్పమని బలవంతం చెయ్యడానికి వీల్లేదు. 1940లో సుప్రీంకోర్టు చెప్పాల్సిందే అంది, ఆ తర్వాత, జెండాకి మొక్కడం తమ మతానికి విరుద్ధమనే జెహోవా సాక్షులు అనే క్రిస్టియన్ శాఖ కుటుంబాల మీద ఊళ్ళల్లో దాడులు జరిగాయి, మూడేళ్ళకే, 1943లో వెస్ట్ వర్జీనియా కేసులో కోర్టు తన తీర్పు తానే తిరగరాసింది. టెక్సస్, ఫ్లోరిడాల్లో మాత్రం పేరెంట్స్ రాతపూర్వకంగా అడగాలని రూల్ ఉంది, ఒక ఈమెయిల్ పంపితే సరిపోతుంది. "అండర్ గాడ్" కలిపింది 1954లో.

మన సుప్రీంకోర్టులో కూడా అచ్చం ఇలాంటి కేసే ఉంది. 1986లో, కేరళలో జెహోవా సాక్షుల కుటుంబంలో ముగ్గురు పిల్లలు జనగణమన అప్పుడు గౌరవంగా నిలబడ్డారు గానీ పాడలేదని స్కూలు తీసేసింది, కోర్టు వాళ్ళని మళ్ళీ చేర్చుకోమంది. మా చిన్నోడు ఐదేళ్ళప్పుడు "నాన్నా, అండర్ గాడ్ అంటే మన సీలింగ్ మీద ఉన్నాడా" అని అడిగాడు, పూజ గది పైన మా బెడ్‌రూం, ఏం చెప్పాలో తెలియలేదు. వాడు ఇప్పటికీ చెప్తూనే ఉన్నాడు, మేం ఆపలేదు.

టీచర్ క్లాసులో ప్రేయర్ చేయించొచ్చా?

పబ్లిక్ స్కూల్లో కుదరదు. 1962లో న్యూయార్క్ కేసు, అక్కడి విద్యాశాఖ రాసిచ్చిన ప్రేయర్‌లో ఉన్నది 22 మాటలే, ఏ మతం పేరూ లేదు, ఇష్టం లేని పిల్లలు బయటికి వెళ్ళొచ్చు అన్నారు, అయినా గవర్నమెంటు ప్రేయర్ రాసివ్వడమే తప్పని కొట్టేశారు. మరుసటేడు స్కూల్లో రోజూ బైబిల్ చదివించడం కూడా పోయింది. పిల్లలు తమంతట తాము చేసుకుంటే ఎవరూ ఆపలేరు, పరీక్ష ముందు మీ వాడు గణపతి శ్లోకం గొణుక్కుంటే అది వాడి హక్కు.

ఈ మధ్య గీత కాస్త మసకబారింది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక పబ్లిక్ హైస్కూల్ ఫుట్‌బాల్ కోచ్ మ్యాచ్ అయ్యాక గ్రౌండ్ మధ్యలో మోకాళ్ళ మీద ప్రార్థన చేసేవాడు, 2022లో సుప్రీంకోర్టు అది ఆయన సొంత ప్రార్థన, తప్పులేదంది. టీమ్‌లో చోటు కోసం చూసే పిల్లాడు కోచ్ పక్కన మోకాలు వెయ్యకుండా ఎంతకాలం ఉంటాడు అన్నది నా డౌటు, కోర్టు డౌటు కాదు.

టెక్సస్‌లో క్లాసు గోడమీద టెన్ కమాండ్‌మెంట్స్, అదే బైబిల్లోని పది ఆజ్ఞలు, పెడుతున్నారంట, చెల్లుతుందా?

ఇదే పని కెంటకీ చేస్తే 1980లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అయినా లూసియానా 2024లో, టెక్సస్ 2025లో మళ్ళీ చట్టం చేశాయి, టెక్సస్‌లో అయితే పోస్టర్ కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల పొడవు ఉండాలని కొలతలు కూడా రాశారు. కేసులు పై కోర్టుల దాకా వెళ్ళాయి, మీరు ఇది చదివే రోజుకి పరిస్థితి మారి ఉండొచ్చు, మీ స్కూల్ డిస్ట్రిక్ట్ సంగతి కనుక్కోండి. టెక్సస్‌లో కేసు వేసినవాళ్ళల్లో క్రిస్టియన్, యూదు కుటుంబాలతో పాటు హిందూ కుటుంబం కూడా ఉంది.

"దొంగతనం చెయ్యొద్దు, తల్లిదండ్రుల్ని గౌరవించు, మంచి మాటలే కదా, పోనీలెండి" అన్న అంకుల్ గారు ఒకరున్నారు మా గ్రూపులో. ఆ పోస్టర్ పైనుంచి చదవండి అంకుల్. నన్ను తప్ప ఇంకో దేవుణ్ణి కొలవొద్దు, విగ్రహాలు చేసుకోవద్దు అన్నవి ముందే ఉంటాయి. ఇంట్లో వినాయకచవితికి మట్టి వినాయకుణ్ణి చేసి మర్నాడు స్కూలుకెళ్ళే రెండో క్లాసు పిల్లది అది రోజూ చూడాలి, గవర్నమెంటు స్కూలు గోడమీద. అదే మాట చర్చి గోడమీద ఉంటే నాకే ఇబ్బందీ లేదు.

బొట్టు, ఎర్రదారం, తాయెత్తు పెట్టుకెళ్తే స్కూలు ఒప్పుకుంటుందా?

ఒప్పుకోవాలి. ఆటల పీరియడ్‌లో సేఫ్టీ కోసం నగలన్నీ తియ్యమంటే అది అందరికీ ఉన్న రూలు, ఆ గంట తీసి బ్యాగులో పెట్టుకోమనండి.

డిసెంబర్ ప్రోగ్రాంలో మా వాడికి గొర్రెల కాపరి వేషం ఇచ్చారు, వద్దనాలా?

మీ ఇష్టం. క్రిస్మస్ పాటలు సంగీతంగా నేర్పడం, పండగ గురించి చెప్పడం స్కూలు చెయ్యొచ్చు, దాన్ని ఆరాధనగా మార్చకూడదు. వద్దనుకుంటే మర్యాదగా టీచర్‌కి రాస్తే వేరే పని ఇస్తారు. మత నమ్మకానికి అడ్డొచ్చే పాఠాల నుంచి పిల్లల్ని పక్కన పెట్టమని అడిగే పేరెంట్స్ హక్కు 2025లో మేరీల్యాండ్ కేసు తర్వాత ఇంకా బలపడింది, ఆ కేసులో ముస్లింలు, క్రిస్టియన్లు కలిసి వెళ్ళారు. మా తరంలో సగంమంది ఊళ్ళో మిషనరీ స్కూల్లో పొద్దున్నే "మా తండ్రీ" అని ప్రార్థన చేసి, సాయంత్రం హనుమాన్ చాలీసా చదివి పెరిగినవాళ్ళమే, గొర్రెపిల్లని పట్టుకున్నంత మాత్రాన ఏమీ కాదు అని నా అభిప్రాయం.

దీపావళికి సెలవివ్వడం కూడా గవర్నమెంటు మతం వైపు మొగ్గినట్టే కదా?

అదే లెక్కన క్రిస్మస్ 1870 నుంచి ఫెడరల్ సెలవు. జనం ఎలాగూ రారు కాబట్టి మూసేస్తున్నాం అన్న మామూలు కారణం చూపిస్తే కోర్టులు ఒప్పుకుంటాయి. న్యూయార్క్ సిటీ స్కూళ్ళకి దీపావళి సెలవు వచ్చింది. పెన్సిల్వేనియా 2024లో దీపావళిని గుర్తించింది గానీ అక్కడ స్కూళ్ళు మూసే రూలు లేదు. కాలిఫోర్నియా 2025లో చట్టం చేసింది. ఉగాదికి, సంక్రాంతికి ఎవరూ ఇవ్వరు, ముందుగా ఈమెయిల్ పెట్టి మతపరమైన సెలవు అని రాయండి, అలా రాసిన ఆబ్సెన్స్‌ని చాలా స్కూళ్ళు ఎక్స్‌క్యూజ్ చేస్తాయి.

స్కూల్లో యోగా నేర్పితే క్రిస్టియన్ పేరెంట్స్ గొడవ చేస్తున్నారు, యోగా మతం కాదని మనం వెళ్ళి చెప్పాలా?

వెళ్ళే ముందు మనలో మనం ఒక మాట అనుకోవాలి. స్కూల్ మీటింగులో "యోగా ఉత్త ఎక్సర్‌సైజు" అంటాం, ఇంటికొచ్చి ఫేస్‌బుక్‌లో "యోగా మాది, మా వేదాలది, దొంగిలించారు" అని రాస్తాం. రెండూ ఒకేసారి కుదరవు కదా.

కోర్టులు చూసేది క్లాసులో ఏం జరుగుతోంది అన్నది. న్యూజెర్సీ పబ్లిక్ స్కూళ్ళల్లో ట్రాన్సెండెంటల్ మెడిటేషన్ అనే మంత్రధ్యానం పాఠాల్లో భాగంగా పూజ లాంటి కార్యక్రమం ఉండేది, 1979లో అప్పీల్ కోర్టు కుదరదంది. కాలిఫోర్నియాలోని ఎన్సినిటాస్‌లో మంత్రాలూ సంస్కృతం పేర్లూ తీసేసి ఆసనాలు మాత్రం నేర్పితే 2015లో కోర్టు ఓకే అంది. అలబామా అయితే 1993లో స్కూళ్ళల్లో యోగా నిషేధించింది, 2021లో ఎత్తేసింది గానీ నమస్తే అనకూడదని చట్టంలోనే రాసుకుంది. నడుం వంచొచ్చు, నమస్తే మాత్రం అనకూడదు!

## ఉద్యోగంలో

అయ్యప్ప మాల వేసుకున్నా, 41 రోజులు నల్లబట్టలు, గడ్డం, చెప్పుల్లేకుండా ఉండాలి, ఆఫీసు ఒప్పుకుంటుందా?

ముందు ఒక సంగతి, ప్రైవేటు కంపెనీకి ఫస్ట్ అమెండ్‌మెంట్ వర్తించదు, అది గవర్నమెంటు చేతులు కట్టే రూలు. మీకు పనికొచ్చేది 1964 సివిల్ రైట్స్ చట్టం, 15 మందికి తగ్గకుండా ఉద్యోగులున్న కంపెనీలన్నిటికీ వర్తిస్తుంది. మీ మతాచారానికి వీలైనంత సర్దుబాటు చెయ్యాలి. ఇదివరకు కాస్త ఇబ్బంది అయినా కుదరదనేసేవాళ్ళు, 2023లో ఆదివారం డ్యూటీ చెయ్యనన్న పోస్టల్ ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు కంపెనీకి నిజంగా గట్టి భారం పడితేనే కాదనాలంది.

నల్లచొక్కా, గడ్డం దాదాపు ఎక్కడా సమస్య కాదు. చెప్పుల దగ్గరే చిక్కు. డెస్క్ దగ్గర కూర్చునే పనైతే అడగొచ్చు, మా స్నేహితుడికి వాళ్ళ హెచ్‌ఆర్ ఆఫీసు లోపల చెప్పుల్లేకుండా తిరగొచ్చు, కెఫెటేరియాలో మాత్రం వేసుకోమంది, ఆయన 41 రోజులూ ఇంటి బాక్సు తెచ్చుకున్నాడు, ఎలాగూ బయట తినడు కదా. వేర్‌హౌస్‌లో, ల్యాబ్‌లో సేఫ్టీ షూ తప్పదు. మాల వేసుకునే ముందే, ఎన్ని రోజులు, ఏమేం కావాలి అన్నది రాసి హెచ్‌ఆర్‌కి ఇవ్వండి. నోటిమాటగా మేనేజర్‌కి చెప్పి ఊరుకోవద్దు.

మా మేనేజర్ చర్చికి రమ్మని పదేపదే పిలుస్తున్నాడు, ఇది తప్పా?

ఒకసారి పిలవడం తప్పు కాదు, మనం సత్యనారాయణ వ్రతానికి పిలవమా. వద్దన్నాక కూడా వెంటపడినా, రేటింగుకీ ప్రమోషన్‌కీ ముడిపెట్టినా అది వేధింపే. తేదీలు రాసి పెట్టుకోండి. ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు తీసుకునే ఫెడరల్ ఆఫీసు ఈఈఓసీలో కంప్లైంట్‌కి గడువు 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300.

## గుడి కట్టుకునేటప్పుడు

స్థలం కొన్నాం, చుట్టుపక్కలవాళ్ళు ట్రాఫిక్, శబ్దం అని సిటీ హియరింగ్‌లో అడ్డుపడుతున్నారు, ఇది మతవివక్ష కాదా?

కావచ్చు, కాకపోవచ్చు. 2000లో వచ్చిన ఒక ఫెడరల్ చట్టం ఉంది, పొడుగు పేరు, అందరూ ఆర్‌లూపా అంటారు. బలమైన కారణం లేకుండా జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చన్న రూల్స్) పేరుతో ప్రార్థనాస్థలం మీద పెద్ద భారం వెయ్యకూడదు, క్లబ్బుకో ఫంక్షన్ హాలుకో పర్మిషన్ ఇచ్చేచోట గుడికి కాదనకూడదు అని దాని సారం. అంతమాత్రాన పార్కింగ్ రూల్స్ మనకి వర్తించవని కాదు.

మా గుడి హియరింగ్‌లో ఒక పెద్దావిడ చేత్తో రాసుకొచ్చిన కాగితం చూసి "మీకు ఏడాదికి పండగలు ఎన్ని" అని అడిగింది. మా సెక్రటరీగారు నిజాయితీగా పంచాంగం తెరిచి ఏకాదశులు, సంకటహర చతుర్థులు, మాసశివరాత్రులు కలిపి లెక్కపెట్టడం మొదలుపెట్టారు, నలభై దాటాక మా లాయర్ ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. అక్కడే నాలుగు నెలలు లేటయింది. నిజంగా వందల కార్లు వచ్చేది వైకుంఠ ఏకాదశి, శివరాత్రి లాంటి కొద్ది రోజులే, ఆ రోజులకి పక్క స్కూలు పార్కింగ్, షటిల్ వ్యాన్ ప్లాన్ కాగితం మీద పెడితే సగం అభ్యంతరాలు పోయాయి. ఆ పెద్దావిడ కుంభాభిషేకానికి వచ్చి పులిహోర రెండుసార్లు వేయించుకుంది.

గుడికి ప్రాపర్టీ ట్యాక్స్ లేకపోవడం గవర్నమెంటు సాయం చేసినట్టు కాదా?

1970లో ఇదే వాదన సుప్రీంకోర్టుకి వెళ్ళింది, పన్ను వేస్తేనే గవర్నమెంటు మతంలో ఎక్కువ తలదూర్చాల్సొస్తుందని మినహాయింపుని ఉంచేశారు. ఐఆర్ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) కాగితాల్లో "చర్చ్" అని ఉంటే కంగారుపడకండి, ఆ మాటలో గుడి, మసీదు అన్నీ కలిసే ఉంటాయి.

ఎలక్షన్లప్పుడు గుడిలో క్యాండిడేట్‌ని స్టేజీ ఎక్కించొచ్చా?

దర్శనానికి వస్తే అందరిలాగే తీర్థం ఇవ్వండి. వీళ్ళకే ఓటెయ్యండని గుడి తరఫున చెప్తే పన్ను మినహాయింపు ఇచ్చే 501సి3 హోదాకే ముప్పు, 1954 నుంచి ఉన్న రూలు ఇది. సొంత సభలో భక్తులతో చెప్పుకునే మాటకి ఇది వర్తించదన్నట్టు 2025లో ఐఆర్ఎస్ ఒక కేసులో మెత్తబడింది, చట్టాన్ని మాత్రం కాంగ్రెస్ మార్చలేదు. నేనైతే మైక్ ఇవ్వను.

ఊళ్ళో జాతరలో లాగా ఇక్కడ మేకని బలివ్వొచ్చా?

నవ్వకండి, నిజంగానే అడిగారు. ఫ్లోరిడాలోని హయాలియాలో సాంటెరియా మతంవాళ్ళు బలి ఇస్తారని ఊరివాళ్ళు వాళ్ళని మాత్రమే తగిలేలా రూల్స్ చేశారు, 1993లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒకేమాట మీద కొట్టేశారు. తిండికి కోసినా పర్లేదు, వేటాడినా పర్లేదు, పూజ కోసం చంపితేనే తప్పా అన్నది ప్రశ్న. అందరికీ ఒకేలా ఉండే ఆరోగ్య రూల్స్, జంతుహింస చట్టాలు మాత్రం మీకూ ఉంటాయి. కాబట్టి అపార్ట్‌మెంట్ బాల్కనీలో వద్దు.

షుగర్‌ల్యాండ్‌లో 90 అడుగుల హనుమంతుడికి పర్మిషన్ ఎలా వచ్చింది, ఇది క్రిస్టియన్ దేశం అని గొడవ చేశారు కదా?

2024లో పెట్టిన ఆ విగ్రహం ఉన్నది అష్టలక్ష్మి గుడి సొంత స్థలంలో. సొంత స్థలంలో ఏ దేవుణ్ణి పెట్టుకోవాలో చెప్పే హక్కు గవర్నమెంటుకి లేదు. అదే సిటీ హాల్ ముందు పెట్టమని అడిగితే కథ వేరు.

## సిటిజన్ అయ్యేటప్పుడు, ఆ తర్వాత

ప్రమాణంలో "సో హెల్ప్ మీ గాడ్" అనాలా? బైబిల్ మీద చెయ్యి పెట్టాలా?

రెండూ తప్పనిసరి కాదు. ఆ మాట వదిలేస్తామని అడగొచ్చు, సిటిజన్‌షిప్ వేడుకలో అసలు ఏ పుస్తకం మీదా చెయ్యి పెట్టించరు, కుడిచెయ్యి ఎత్తితే చాలు. పదవికి మతం అర్హత కాకూడదని రాజ్యాంగం ఆరో ఆర్టికల్‌లోనే ఉంది. తులసీ గబార్డ్ 2013లో కాంగ్రెస్ మెంబర్‌గా భగవద్గీత మీద ప్రమాణం చేశారు.

స్కూల్లో ప్రేయర్ వద్దన్నవాళ్ళు కాంగ్రెస్‌లో మాత్రం రోజూ ప్రేయర్‌తో ఎలా మొదలుపెడతారు?

లాజిక్ అడిగితే నా దగ్గర లేదు. చట్టసభల్లో ఇది మొదట్నుంచీ ఉన్న ఆచారమని 1983లో, 2014లో సుప్రీంకోర్టు వదిలేసింది, అక్కడ కూర్చునేది పిల్లలు కాదు పెద్దవాళ్ళు అన్నది ఒక కారణం. కాకపోతే ఆ తలుపు మనకీ తెరుచుకుంది. 2000 సెప్టెంబర్ 14న, వాజ్‌పేయి గారు అక్కడ ప్రసంగించిన రోజే, ఒహాయోలోని పార్మా శివవిష్ణు గుడి పూజారి వెంకటాచలపతి సముద్రాల గారు ప్రతినిధుల సభలో ప్రార్థన చేశారు, ఒక హిందూ పూజారి అలా చెయ్యడం అదే మొదటిసారి. సెనేట్‌లో 2007 జులై 12న ఇంకో హిందూ పూజారి రాజన్ జెడ్ గారి వంతు వచ్చింది. ఆయన నోరు తెరవగానే గ్యాలరీలోంచి ముగ్గురు లేచి ఇది పాపం అంటూ అరిచారు, పోలీసులు వాళ్ళని అరెస్టు చేసి బయటికి తీసుకెళ్ళారు, ఆయన మళ్ళీ మొదలుపెట్టి పూర్తి చేశారు.